శనివారం క్లాసు, ఆదివారం దీపావళి: జర్మనీలో చదువుకుంటూ ఈ వీకెండ్ ఎలా గట్టెక్కాలి

అక్టోబర్‌లో సెమిస్టర్ మొదలైన రెండో వారానికల్లా నాకు ఒకటే ప్రశ్న మొదలవుతుంది. "అక్కా, శనివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా బ్లాక్ సెమినార్ పెట్టారు. మర్నాడే పండగ. ఏం చేయమంటావ్?" అడిగేవాళ్ళు మారతారు, ఊళ్ళు మారతాయి, ప్రశ్న మాత్రం అదే. 2026లో అయితే దీపావళి నవంబర్ 8న, ఏకంగా ఆదివారమే పడింది. సెలవు రోజు కదా అని సంబరపడకండి. జర్మనీలో ఆదివారం కొట్లు మూసేస్తారు, చప్పుడు చేస్తే పక్కింటివాళ్ళు ఊరుకోరు. పండగకి కావలసిన సరుకులూ సందడీ రెండూ ఆ రోజు దొరకవన్నమాట.

ఒక్కొక్కళ్ళకీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక అయిపోయింది కాబట్టి ఇక్కడ రాసేస్తున్నాను. వోన్‌హైమ్‌లో, అంటే స్టూడెంట్ హాస్టల్లో, ఉంటూ పది పన్నెండు మందితో పండగ చేసుకోవాలనుకునేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాశాను. నలుగురే అయితే గది బుకింగ్ గొడవ వదిలేయండి, మిగతాదంతా మీకూ పనికొస్తుంది.

మొత్తం ప్లానుకి రెండు గోడలున్నాయి. ఒకటి, శనివారం రాత్రి కొట్లు మూసే వేళ. బవేరియాలో 8 గంటలకే మూస్తారు, చాలా రాష్ట్రాల్లో ఇంకాస్త ఆలస్యంగా మూస్తారు. రెండోది, ఆదివారం రాత్రి 10 గంటలు. అప్పట్నుంచి పొద్దున 6 దాకా నిశ్శబ్దం పాటించాలి. ఈ రెండు గోడల మధ్య మనకి కలిసొచ్చేది ఒకటే: నవంబర్‌లో అక్కడ సాయంత్రం 5 లోపే చీకటి పడిపోతుంది. ఆ చలిచీకటిని అందరూ తిట్టుకుంటారు కానీ దీపావళికి అంతకన్నా ఏం కావాలి? ఐదింటికి దీపాలు, ఏడింటికి భోజనాలు, తొమ్మిదిన్నరకి గిన్నెలు. ఇంట్లోలా "తొమ్మిదింటికి మొదలెడదాం" అనుకుంటే మాత్రం పప్పు వడ్డించే వేళకి తలుపు కొడతారు.

కావలసినవి

- హాస్టల్ కామన్ రూమ్, దానికి కట్టాల్సిన కాషన్ డబ్బు
- హాస్టల్ నియమాల కాగితం (హౌస్‌ఆర్డ్నుంగ్). గదిలో చేరేటప్పుడు ఇచ్చారు, మీరు చదవలేదు. ఇప్పుడు తీయండి.
- రైస్ కుక్కర్ ఒకటి, అడుగు చదునుగా ఉన్న పెద్ద గిన్నెలు రెండు
- పన్నెండు మందికి కిలో నుంచి కిలో పావు బియ్యం
- టీలిష్టర్ ప్యాకెట్, అంటే చిన్న గిన్నెల్లో వచ్చే మైనం దీపాలు. ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా దొరుకుతాయి.
- బ్యాటరీతో వెలిగే ఉత్తుత్తి దీపాలు ఓ డజను
- స్టీలు పళ్ళేలు, కాస్త ఇసుక లేదా నీళ్ళు
- మూత బిగుతుగా ఉండే ఖాళీ ప్లాస్టిక్ సీసా. ఎందుకో చివర్లో చెప్తా.

1. ముందు క్లాసు సంగతి తేల్చుకోండి

మూడు వారాల ముందే చూడాల్సినది ఇది. బ్లాక్ సెమినార్ అంటే సెమిస్టర్ అంతా వారానికోసారి జరగాల్సిన క్లాసుని రెండు మూడు రోజుల్లో కుక్కేయడం. సాధారణంగా శుక్రవారం మధ్యాహ్నం మొదలై, శనివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా సాగుతుంది. మామూలు లెక్చర్ ఒకటి ఎగ్గొడితే కొంపేం మునగదు. ఇందులో ఒక పూట మానేస్తే మాత్రం కోర్సులో మూడో నాలుగో వంతు పోయినట్టే. హాజరు తప్పనిసరో కాదో కోర్సు పేజీలో, మాడ్యూల్ హ్యాండ్‌బుక్‌లో (మీ డిగ్రీలోని కోర్సుల నియమాల పుస్తకంలో) రాసి ఉంటుంది. సీనియర్ చెప్పాడని నమ్మకండి, అతను వేరే ప్రొఫెసర్ దగ్గర చదివి ఉంటాడు.

మీ ప్రెజెంటేషన్ శనివారం మధ్యాహ్నం పడితే, శుక్రవారానికి మార్చమని ఇప్పుడే మెయిల్ పెట్టండి. మెయిల్ నాలుగు వాక్యాలు చాలు: ఏ కోర్సు, మీ స్లాట్ ఎప్పుడు, మర్నాడు మా ఇళ్ళల్లో ముఖ్యమైన పండగ, కుదిరితే శుక్రవారం చెప్తాను, కుదరకపోతే ఉన్న స్లాట్‌కే వస్తాను. ఆ చివరి మాట రాయడం మర్చిపోకండి. అవతలివాళ్ళకి కాదనడానికి వీలిస్తేనే ఔననాలనిపిస్తుంది. పురాణం మొదలుపెట్టి నరకాసురుడి దాకా వెళ్ళకండి.

హెచ్చరిక: ఒంట్లో బాగోలేదని అబద్ధం చెప్పే ఆలోచన ఉంటే మానుకోండి. డాక్టర్ కాగితం అడుగుతారు. పైగా అదే రాత్రి మీరు దీపాల మధ్య నవ్వుతున్న ఫోటో అదే సెమినార్‌లో ఉన్న క్లాస్‌మేట్ చూస్తుంది.

ఇంకో చిన్న విషయం. టైమ్‌టేబుల్లో గంట పక్కన సి.టి. అని ఉంటే క్లాసు పావుగంట తర్వాత మొదలవుతుంది. 9 సి.టి. అంటే 9:15 అని. ఎస్.టి. అని ఉంటే సరిగ్గా ఆ గంటకే. మామూలు రోజుల్లో సి.టి.కి అలవాటుపడ్డ ప్రాణం బ్లాక్ సెమినార్ రోజు ఎస్.టి. చూసుకోకుండా పావుగంట ఆలస్యంగా తలుపు తీస్తుంది. లోపల అందరూ అప్పటికే తమ పరిచయాలు చెప్పుకోవడం కూడా అయిపోయి ఉంటుంది.

వీకెండ్ షిఫ్టు ఉద్యోగం ఉన్నవాళ్ళు ఆదివారం షిఫ్టుని ఇప్పుడే ఎవరితోనైనా మార్చుకోండి. క్రిస్మస్ వారంలో మీరు చేస్తానంటే ఎగిరి గంతేసి ఒప్పుకుంటారు.

2. గది పట్టుకోండి, పక్కవాళ్ళకి చెప్పండి

చాలా హాస్టళ్ళలో కామన్ రూమ్ ఉంటుంది. హౌస్‌మైస్టర్ (భవనం బాగోగులు చూసే ఉద్యోగి) దగ్గరో, హాస్టల్ ట్యూటర్ (అక్కడ ఉండేవాళ్ళకి సాయపడే విద్యార్థి) దగ్గరో పేరు రాయించుకోవాలి. కాషన్ కడితే తాళం ఇస్తారు. తాళం ఎప్పుడు ఇస్తారో అడగండి, ఎందుకంటే హౌస్‌మైస్టర్ శని, ఆదివారాలు మామూలుగా ఉండడు. శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసు మూసేలోపే తీసుకోవాలి, సరిగ్గా అదే వేళకి మీ సెమినార్ మొదలవుతుంది. ఆ వేళకి క్లాసు లేని రూమ్‌మేట్ పేరు మీద బుక్ చేయించడం తెలివైన పని.

గది దొరకలేదా? రెండు దారులున్నాయి. ఊళ్ళో భారతీయ విద్యార్థుల సంఘం ఉంటే వాళ్ళు హాల్లో చేసే వేడుకకి వెళ్ళి, ఇంట్లో పూజ వరకు చేసుకోండి. లేదా పండగని శనివారం, 14కి జరపండి. ఆదివారం 15కి మాత్రం వద్దు. ఆ రోజు యుద్ధాల్లో చనిపోయినవాళ్ళని తలుచుకునే ఫోల్క్స్‌ట్రావర్‌టాగ్. అలాంటి 'మౌన దినాల్లో' బయట హాళ్ళలో పాటలు, డాన్సుల మీద చాలా రాష్ట్రాల్లో ఆంక్షలుంటాయి. ఆ తర్వాతి ఆదివారం, 22, పోయిన తమవాళ్ళని తలుచుకునే టోటెన్‌సొన్‌టాగ్, అదీ అంతే. ఒక వారం తోస్తే చాలనుకుని ఇందులో ఇరుక్కున్నవాళ్ళు ఉన్నారు.

బుధవారంకల్లా మెట్ల దగ్గర, లిఫ్ట్ పక్కన ఒక కాగితం అంటించండి. తేదీ, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఇబ్బందైతే ఈ నంబర్‌కి ఫోన్ చేయండి అని. దీంతో మీకు చట్టపరంగా ఏ హక్కూ రాదు, పదింటి తర్వాత గోల చేస్తే గోలే. కానీ నంబర్ ఉంటే ముందు మీకు ఫోన్ చేస్తారు, లేకపోతే నేరుగా పోలీసులకి. ఆదివారం పగలు కూడా విశ్రాంతి వేళ కిందే లెక్క. స్పీకర్ శబ్దం గది గోడలు దాటకూడదు.

3. సరుకులు గురువారమే

శనివారం సెమినార్ అయ్యాక కొంటానన్న మాట నమ్మకండి, మీ మాటే అయినా సరే. ఐదింటికి క్లాసు వదులుతారు, ఒకరితో కాఫీ తాగుతారు, రైలు ఆలస్యం, చూస్తే ఏడున్నర. ఇండియన్ స్టోర్ అప్పటికే కట్టేసి ఉంటుంది. సూపర్‌మార్కెట్‌లో కొత్తిమీర అయిపోయి ఉంటుంది.

ఇండియన్ స్టోర్‌లోనే కొనాల్సినవి: చింతపండు, బెల్లం, కందిపప్పు, శనగపప్పు, కరివేపాకు, కర్పూరం, వత్తులు. పండగ వారంలో కరివేపాకు ముందుగా అయిపోతుంది.

మామూలు సూపర్‌మార్కెట్‌లోనే దొరికి, చాలామంది ఇండియన్ స్టోర్‌లో ఎక్కువ డబ్బు పోసి కొనేవి కొన్ని ఉన్నాయి:

- నెయ్యి: బుట్టర్‌ష్మాల్ట్స్ అని డబ్బాల్లో ఉంటుంది. కాచిన వెన్నే అది. మన నెయ్యి వాసన అంత ఉండదు, లడ్డుల్లోకి మాత్రం బ్రహ్మాండం.
- బొంబాయి రవ్వ: వైక్‌వైట్సెన్‌గ్రీస్. పక్కనే హార్ట్‌వైట్సెన్‌గ్రీస్ అని పసుపుపచ్చగా ఉండేది గట్టి గోధుమ రవ్వ. ఉప్మాకి సరే, రవ్వలడ్డుకి మొదటిదే తీసుకోండి.
- మైదా: ప్యాకెట్ మీద 405 అని ఉన్న గోధుమపిండి.
- పరమాన్నం బియ్యం: మిల్ష్‌రైస్ అని పొట్టి గింజ బియ్యం. పాలల్లో ఉడికించడానికే అమ్ముతారు. బాస్మతితో చేసే పరమాన్నం కంటే దీనితో చేసింది ఇంటి రుచికి దగ్గరగా ఉంటుంది. ఇది నా మాట, మా అమ్మ ఒప్పుకోదు.
- పాలు: ఫ్రిజ్ లేకుండా నిలవుండే హా-మిల్ష్ ప్యాకెట్లు రెండు ఎక్కువ తెచ్చి పెట్టుకోండి. ఆదివారం పాలు విరిగితే దిక్కుండదు.

నువ్వుల నూనె విషయంలో జాగ్రత్త. సూపర్‌మార్కెట్‌లో ముదురు గోధుమ రంగులో ఉండేది వేయించిన నువ్వులతో తీసినది, నూడుల్స్ మీద చుక్కలుగా వేసుకునేది. తలంటుకి ఆ సీసా వాడిన మా ఫ్రెండ్ మూడు రోజులు చైనీస్ రెస్టారెంట్‌లా తిరిగాడు. లేత రంగుది, లేదా ఇండియన్ స్టోర్‌ది కొనండి.

ఆదివారం ఏదైనా తక్కువైతే పెద్ద రైల్వే స్టేషన్లలో ఉన్న సూపర్‌మార్కెట్లు తెరిచి ఉంటాయి. రద్దీ ఎక్కువ, ధరలూ ఎక్కువే. బేకరీలు పొద్దున కొన్ని గంటలు తీస్తారు. అంతకు మించి ఏమీ ఆశించకండి.

4. వంట: ఏది ముందు, ఏది అప్పుడు

పన్నెండు మందికి నేను చేసే వంటలివి: పులిహోర, రవ్వలడ్డు, పరమాన్నం, శనగల గుగ్గిళ్ళు, బంగాళదుంప కూర, పప్పు, పెరుగు. ఇందులో కొత్తదనమేమీ లేదు, కావాలనే. కొత్త వంటకం మొదటిసారి చేసి చూడటానికి పండగ రోజు పనికిరాదు.

గురువారం రాత్రి: రవ్వలడ్లు చేసి డబ్బాలో పెట్టేయండి. పులిహోరకి చింతపండు గుజ్జు ఉడికించి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. ఈ రెండూ ముందే అయిపోతే సగం పండగ అయినట్టే.

శనివారం రాత్రి: శనగలు నానబెట్టండి, దుంపలు ఉడికించండి. అంతే. ఎనిమిది గంటలు క్లాసులో కూర్చుని వచ్చినవాళ్ళు కత్తిపీట ముందు కూర్చోవద్దు.

ఆదివారం: పొద్దున పప్పు, కూర. మూడింటికి అన్నం, పులిహోర కలపడం. నాలుగింటికి పరమాన్నం.

ఇక పొయ్యి గురించి. హాస్టల్లో గ్యాసు దాదాపు ఉండదు. నల్లటి గాజు పలకలా ఉండే పొయ్యిల్లో రెండు రకాలున్నాయి. అడుగున ఎర్రగా వెలిగితే సెరాన్. గిన్నె పెట్టందే వేడెక్కకపోతే ఇండక్షన్. మీ గిన్నె ఇండక్షన్‌కి పనికొస్తుందో లేదో చూడాలంటే ఫ్రిజ్ మీద ఉన్న అయస్కాంతం బొమ్మ తీసి గిన్నె అడుగున పెట్టండి. అంటుకుంటే సరే, జారిపోతే ఆ గిన్నె వేడెక్కదు. ఇంటి నుంచి మోసుకొచ్చిన అల్యూమినియం కుక్కర్లు చాలావరకు ఇక్కడే దెబ్బతింటాయి. అడుగు గుండ్రంగా ఉన్న మూకుడు రెండింటికీ కుదరదు.

సెరాన్‌తో ఇంకో తంటా. ఆపేసినా అది చాలాసేపు వేడిగానే ఉంటుంది. గ్యాసు మీద పాకం వచ్చిందనగానే మంట తీస్తాం, అక్కడితో ఆగిపోతుంది. ఇక్కడ స్విచ్ కట్టేసినా పాకం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. మొదటి ఏడాది నా బెల్లం పాకం ఉండపాకం దగ్గర ఆగకుండా, నేను యాలకులు వెతికే రెండు నిమిషాల్లో నల్లబడి గిన్నెకి అతుక్కుపోయింది. ఆ గిన్నెని నానబెట్టి గీకి గీకి, చివరికి పారేశాను. కాబట్టి ఆపడం కాదు, గిన్నెని పక్కకి దించాలి. దించి పెట్టడానికి చెక్క పలకో, మడత పెట్టిన తువ్వాలో ముందే సిద్ధంగా ఉంచుకోండి.

పరమాన్నంలో బెల్లం వేసేటప్పుడు కూడా ఇదే సూత్రం. అన్నం పాలల్లో మెత్తగా ఉడికాక దించి, కాస్త చల్లారాక అప్పుడు కరిగించి వడకట్టిన బెల్లం కలపండి. మరుగుతుండగా వేస్తే పాలు విరుగుతాయి.

గారెలు లేని పండగేంటి అనేవాళ్ళకి: చేయొద్దని నేననను. వంటగది తలుపు మూసి, కిటికీ బార్లా తీసి, ఒక మనిషి పొయ్యి దగ్గర నుంచి కదలకుండా చేయండి. నూనె అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, మూత పెట్టి పొయ్యి ఆపాలి. ఆ మూత ముందే పక్కన ఉండాలి. తలుపు ఎందుకు మూయాలంటే, అసలు ప్రమాదం కారిడార్‌లో ఉంది. దాని గురించి ఆరో అంకెలో చెప్తాను.

5. శనివారం: క్లాసు రోజు క్లాసుదే

ఆ రోజు పండగ పనేదీ పెట్టుకోకపోవడమే అసలు కిటుకు. సెమినార్ మధ్యలో వాట్సాప్ గ్రూపులో "పచ్చిమిరపకాయలు ఎవరు తెస్తున్నారు" అని కొట్టుకుంటూ కూర్చుంటే అటు చదువూ ఉండదు, ఇటు మిరపకాయలూ రావు. శుక్రవారం రాత్రే ఎవరి పని వాళ్ళకి పంచి రాసి పెట్టేయండి.

సెమినార్‌కి ఒక చిన్న డబ్బాలో రవ్వలడ్లు పట్టుకెళ్ళండి. మధ్యాహ్నం విరామంలో పంచండి. ఇందులో స్వార్థం కూడా ఉంది: ఆదివారం సాయంత్రం మీరు పిలవాలనుకున్న క్లాస్‌మేట్స్‌ని పిలవడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. జీడిపప్పు, నెయ్యి ఉన్నాయని ముందే చెప్పండి. గింజల ఎలర్జీ ఉన్నవాళ్ళు, పాలూ నెయ్యీ కూడా ముట్టని వీగన్లు దాదాపు ప్రతి క్లాసులోనూ ఉంటారు.

ఆదివారం రాత్రి 11:59కి అప్‌లోడ్ చేయాల్సిన అసైన్‌మెంట్ ఉంటే శనివారం రాత్రే పంపేయండి. కడుపునిండా పులిహోర తిన్నాక రిఫరెన్సులు సరిచూసిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

6. ఆదివారం: తలంటు, ఫోను, దీపాలు

కామన్ బాత్రూమ్ అయితే ఏడు లోపే తలంటు ముగించండి. ఆదివారం పొద్దున అందరూ ఆలస్యంగా లేస్తారు, షవర్ ఖాళీగా ఉంటుంది. సున్నిపిండి రుద్దుకుంటే కాలువలోకి పోయేముందు వేళ్ళతో తీసి చెత్తలో వేయండి. నేలమీద నూనె జిడ్డు వేడినీళ్ళతో కడిగేయండి, తర్వాత వచ్చేవాళ్ళు జారకుండా.

ఇంటికి ఫోన్ ఎప్పుడు? అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక భారత్ మనకంటే నాలుగున్నర గంటలు ముందుంటుంది. ఇంట్లో సాయంత్రం ఆరున్నరకి దీపాలు పెట్టేసరికి మనకి మధ్యాహ్నం రెండు. మనం ఐదింటికి పూజకి కూర్చునేసరికి అక్కడ రాత్రి తొమ్మిదిన్నర, భోజనాలు అయిపోయి చిచ్చుబుడ్ల పొగ కూడా తగ్గిపోయి ఉంటుంది. కాబట్టి రెండింటికి ఒక వీడియో కాల్, వాళ్ళ పండగ చూడటానికి. ఐదింబావుకి ఇంకొకటి, మన దీపాలు చూపించడానికి. రెండోది అయిదు నిమిషాల్లో తేల్చేయండి, నాన్నగారికి నిద్రొస్తుంటుంది.

దీపాలు పెట్టేముందు హాస్టల్ నియమాలు చూడండి. కొన్నిచోట్ల గదుల్లో మంట అసలే వద్దంటారు. అలాగైతే బ్యాటరీ దీపాలే. మంట పెట్టొచ్చంటే టీలిష్టర్లని స్టీలు పళ్ళెంలో ఇసుకో నీళ్ళో పోసి అందులో అమర్చండి. కిటికీ గట్టు మీద, కర్టెన్ పక్కన వద్దు. మట్టి ప్రమిదలు తెచ్చుకున్నవాళ్ళు ముందురోజు రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టండి, నూనె ఎక్కువ పీల్చవు.

ఇప్పుడు ఆ కారిడార్ సంగతి. జర్మనీలో పడగ్గదుల్లో, బయటికి వెళ్ళే దారుల్లో పొగ పసిగట్టే యంత్రాలు ఉండి తీరాలి. కొన్ని హాస్టళ్ళలో అవి నేరుగా ఫైర్ స్టేషన్‌కి కలిపి ఉంటాయి. ఒక ఏడాది మేం పూజ బాగానే చేశాం. హారతి పళ్ళెం పట్టుకుని "పక్క గదుల వాళ్ళకీ చూపిద్దాం" అని ఒకమ్మాయి కారిడార్‌లోకి నడిచింది. పళ్ళెంలో నాలుగు కర్పూరం బిళ్ళలు. తలపైన యంత్రం చిన్న ఎర్ర కన్ను ఒకసారి ఆర్పింది, ఒకసారి వెలిగించింది, ఆ తర్వాత మూడంతస్తులు దద్దరిల్లిపోయాయి. చెప్పులతో, పైజామాలతో వందమంది గడ్డ కట్టే చలిలో బయట నిలబడ్డారు. పట్టుచీరల్లో మేము. ఫైర్ ఇంజన్ వచ్చాక వాళ్ళ ఆఫీసర్ పళ్ళెం వంక చూసి, నవ్వాలో తిట్టాలో తెలియక, పేర్లు రాసుకున్నాడు. మాకు బిల్లు రాలేదు. కానీ నిర్లక్ష్యంగా అలారం మోగించినవాళ్ళ మీద ఖర్చు వేసే వీలుంది, అది చిన్న మొత్తం కాదు.

కాబట్టి: హారతి ఒక్క బిళ్ళతో, కిటికీ పక్కన, తలుపు మూసి. అగరొత్తులు ఒకటి రెండు. సాంబ్రాణి వద్దే వద్దు. యంత్రానికి సాక్సో, కవరో తొడిగే తెలివితేటలు అంతకన్నా వద్దు, రాత్రి నిజంగా ఏదైనా అంటుకుంటే లేపేది అదొక్కటే.

7. టపాకాయలు

సూటిగా చెప్పేస్తాను: కుదరదు. మామూలు బాణసంచా జర్మనీలో డిసెంబర్ చివర మూడు రోజులే అమ్ముతారు, డిసెంబర్ 31, జనవరి 1 తేదీల్లోనే కాల్చనిస్తారు. దీపావళికి కాల్చాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. ఇంటి నుంచి సూట్‌కేసులో తెచ్చుకోవడం విమానంలో నిషేధం, చిన్న కాకరపువ్వొత్తి అయినా సరే.

మిగిలింది వుండర్‌కెర్ట్సెన్. మన కాకరపువ్వొత్తులకి అక్కడి తమ్ముళ్ళు, సన్నగా చిన్నగా ఉంటాయి, ఏడాది పొడుగునా అమ్ముతారు. బయట, భవనానికి, ఎండుటాకులకి దూరంగా వెలిగించండి. ఒక బకెట్‌లో నీళ్ళు పెట్టుకుని కాలిన పుల్లలు అందులో ముంచండి. ఎవరికైనా "దిబ్బు దిబ్బు దీపావళి" అంటూ దివిటీలు కొట్టే ఉత్సాహం వస్తే పాట వరకు పాడించండి, నూనె గుడ్డలు మాత్రం అంటించనివ్వకండి.

8. పిలిచినవాళ్ళ గురించి రెండు మాటలు

జర్మన్ స్నేహితులకి ఐదింటికి రమ్మంటే ఐదింటికే వస్తారు. మనవాళ్ళకి ఐదంటే ఆరున్నర. మనవాళ్ళకి నాలుగని చెప్పండి. ఏం తీసుకురమ్మంటారని జర్మన్లు అడుగుతారు, మొహమాటపడి "ఏమీ వద్దు" అంటే వైన్ సీసాతో వస్తారు. పూజ ఉన్న చోట అది ఎక్కడ పెట్టాలో తెలియక అందరూ ఇబ్బందిపడతారు. "పళ్ళు తెండి" అని చెప్పేయండి, రెండు వైపులా హాయి. ఎప్పటికి ముగుస్తుందో కూడా పిలిచేటప్పుడే చెప్పొచ్చు, అక్కడ అది అమర్యాద కాదు.

వేరే ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాస్ మీద వస్తుంటారు (2026లో నెలకి 63 యూరోలు). రైళ్ళలో అది ప్రాంతీయ రైళ్ళకే, ఐసీఈ లాంటి వేగంగా వెళ్ళే దూరప్రయాణ రైలు ఎక్కితే జరిమానా. వీకెండ్‌లో పట్టాల మరమ్మతు పేరుతో రైలు బదులు బస్సు వేయడం మామూలే, దానికి గంట అదనంగా పడుతుంది. ఆదివారం రాత్రి తిరుగు రైలు ఏదో వాళ్ళు బయల్దేరకముందే చూసి పెట్టండి. లేకపోతే మీ గదిలో నేలమీద ముగ్గురు పడుకుంటారు.

ఎక్కువమంది చేసే తప్పులు

వంటకాలు ఎక్కువ పెట్టుకోవడం మొదటిది. తొమ్మిది రకాలు అనుకుని ఆరు పాడుచేసే కంటే ఆరు అనుకుని ఆరూ చేయడం నయం. రెండోది, ఒక్కళ్ళ పేరు మీదే అంతా పడటం: గది, డబ్బు, సరుకులు, కాషన్. ఖర్చంతా ఫోన్ యాప్‌లో అదే రోజు రాసేయండి. వారం దాటితే ఎవరికీ ఏమీ గుర్తుండదు, స్నేహాలు చెడేది అక్కడే. మూడోది, పది దాటాక "ఇంకొక్క పాట".

అంతా సరిగ్గా అయిందో లేదో ఇలా చూసుకోండి

రాత్రి 9:30కి పాట ఆగిందా? కారిడార్‌లోకి వెళ్ళి తలుపు మూసి నిలబడండి. లోపలి మాటలు అర్థమయ్యేంతగా వినపడితే ఇంకా గట్టిగానే ఉన్నట్టు.

దీపాలన్నీ లెక్కపెట్టి ఆర్పండి. ఎన్ని వెలిగించారో అన్నీ. పొయ్యి మీద 'ఇంకా వేడిగా ఉంది' అని చూపే లైటు ఆరేదాకా దానిమీద ప్లాస్టిక్ డబ్బా పెట్టకండి.

వేయించిన నూనె సింకులో పోయకండి, పైపు మూసుకుపోతుంది. చల్లారాక, మొదట్లో చెప్పానే ఆ ఖాళీ సీసా, అందులో పోసి మూత బిగించి మామూలు చెత్తలో వేయండి. డిపాజిట్ ఉన్న ప్లాస్టిక్ సీసాలు, డబ్బాలు విడిగా సంచిలో పెట్టండి, చాలావాటికి ఒక్కోదానికి 25 సెంట్లు తిరిగొస్తాయి. పన్నెండు మంది తాగినవి పోగేస్తే మర్నాటి కాఫీ ఖర్చు వచ్చేస్తుంది. గాజు సీసాలు వీధి డబ్బాలో వేయడం సోమవారానికి వాయిదా వేయండి. ఆదివారం ఆ చప్పుడు చేయకూడదు, డబ్బా మీదే రాసి ఉంటుంది.

కామన్ రూమ్ ఊడ్చాక నాలుగు మూలలా ఫోటోలు తీయండి, మైనం మరకలు లేవని కనబడేలా. మరక ఉంటే దాని మీద బ్రౌన్ పేపర్ వేసి గోరువెచ్చని ఇస్త్రీపెట్టె ఆడిస్తే మైనం కాగితానికి ఎక్కుతుంది. అసైన్‌మెంట్ అందినట్టు యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చిందో లేదో పడుకునేముందు చూడండి. సోమవారం తాళం ఇచ్చేటప్పుడు హౌస్‌మైస్టర్‌కి రెండు రవ్వలడ్లు కాగితంలో చుట్టి ఇవ్వండి. సంక్రాంతికి గది మళ్ళీ అడగాలి కదా.